ఆ క్షమాపణ ఉత్తరం రాసింది నేనే



‘వాడ లోపల’ వరసలో ఇది తొమ్మిదో భాగం. పోయిన భాగంలో హాస్టళ్ళ గురించి రాశాను. ఈసారి మా ఇంటికే వస్తున్నాను. రాయాలా వద్దా అని మూడు నెలలు ఊగిసలాడాను. చదివాక కొందరికి కోపం వస్తుందని తెలుసు. వాళ్ళలో మా వాళ్ళే ఎక్కువ.

మూడు నెలల కిందట మా పెద్దమ్మ చనిపోయింది. తెల్లవారుజామున ప్రాణం పోయింది. ఎనిమిదింటికల్లా ఐస్ బాక్సు వచ్చింది, షామియానా వేశారు, కుర్చీలు దిగాయి. గంట మాత్రం మోగలేదు. మా పేటలో ఎవరు పోయినా చర్చి గంట కొడతారు. పొలానికి పోయినవాళ్ళు ఆ గంట విని వెనక్కి వస్తారు. అది మోగలేదంటే ఏదో ఉందని చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది.

ఉన్నదేమిటంటే, పెద్దమ్మ కొడుకు, మా అన్న, డప్పు కొడతాడు. పగలు తాపీ పని, సాయంత్రాలు డప్పు. అంబేడ్కర్ జయంతికి కొడతాడు, సంఘాల ఊరేగింపులకి కొడతాడు, పిలిస్తే పెళ్ళికి కొడతాడు. నాలుగేళ్ళ కిందట పక్క ఊళ్ళో అమ్మవారి కొలుపుకి కొట్టాడు. అది తెలిసి సంఘం (అంటే చర్చి, మా దగ్గర సంఘం అంటే మొదటి అర్థం అదే) అతన్ని బల్ల నుంచి తీసేసింది. చర్చికి పోని మిత్రుల కోసం చెబుతున్నాను. బల్ల అంటే నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. అందులోంచి తీసేశారంటే చర్చికి రావచ్చు, కానుక వేయవచ్చు, వెనక కూర్చోవచ్చు. కానీ రొట్టె పళ్ళెం నీ దగ్గరికి వచ్చేసరికి పక్కకి జరిగిపోతుంది. నాలుగేళ్ళు ఆ పళ్ళెం అన్నని దాటి పోతూనే ఉంది.

కొలుపుకి కొట్టడం నాకూ నచ్చలేదు, అది దాచను. నేనూ అడిగాను. ‘‘కూలి మాట్లాడుకుని కొట్టానురా, వెట్టికి కాదు’’ అన్నాడు. ఆ మాటలో చాలా ఉంది. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

పదకొండు గంటలకి సంఘ పెద్దలు నలుగురు వచ్చారు. అరుపుల్లేవు. వాళ్ళలో ఒకాయన నన్ను చిన్నప్పుడు సైకిల్ మీద బడికి దింపినాయన. పెద్దమ్మ దగ్గర నిలబడి నిజంగానే ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుని, నన్ను పక్కకి పిలిచి, ‘‘అబ్బాయ్, అన్నతో రెండు ముక్కలు రాయించు. ఇక డప్పు ముట్టనని. అయ్యగారు బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నారు’’ అన్నాడు. అన్న ఐదో తరగతి వరకు చదివాడు. చేతులు వణుకుతున్నాయి. అందరూ నా వైపు చూశారు. ఊళ్ళో మీటింగుల్లో మాట్లాడేది నేను, కరపత్రాలు రాసేది నేను.

రాశాను. పదకొండు లైన్లు. చివర్లో ‘హృదయపూర్వకంగా’ అనే మాట చేర్చాను. ఎవరూ అడగలేదు, నేనే చేర్చాను. అన్న సంతకం పెట్టాడు. పది నిమిషాల్లో గంట మోగింది.

ఆ రోజు సాయంత్రం భూస్థాపన అయ్యాక నా చేయి పట్టుకుని ‘‘అలా చేసి ఉండకూడదు’’ అన్నవాళ్ళు ఏడుగురు. విడివిడిగా, ఎవరికీ వినపడకుండా. ఏడో మనిషి ఆ నలుగురు పెద్దల్లో ఒకడు. ‘‘నాకూ ఇష్టం లేదు, మిగతావాళ్ళు ఒప్పుకోరని ఊరుకున్నాను’’ అన్నాడు. మిగతావాళ్ళంటే ఎవరు? లెక్కపెట్టుకుంటే మిగిలింది ముగ్గురు. ఆ ముగ్గురూ ఇంకో ముగ్గురి కోసం ఊరుకున్నారేమో.

సైకాలజీ చదివే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి సాలమన్ ఆష్ ప్రయోగం తెలుసు. 1950ల మొదట్లో అమెరికాలో చేశాడు. కార్డు మీద గీతలు చూపించి ఏ రెండూ సమానమో చెప్పమంటారు. గదిలో ముందే మాట్లాడిపెట్టిన మనుషులంతా తప్పు చెబుతారు. అసలు పరీక్షకి వచ్చినవాడు కళ్ళకి కనపడుతున్న గీతని వదిలేసి చాలాసార్లు వాళ్ళతో పాటే తప్పు చెబుతాడు. గదిలో ఇంకొక్కడు నిజం చెబితే చాలు, ఈ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. మంచి ప్రయోగమే. కానీ ఆ గదిలో ఎవరి అమ్మా ఐస్ బాక్సులో లేదు. మా ఇంట్లో అందరికీ గీత సరిగ్గానే కనపడింది. కొలత తెలియక కాదు, సాయంత్రం లోపల సమాధి కావాలి కాబట్టి తలూపాం.

మనకి వెలి కొత్త కాదు. 1991లో చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ తర్వాత ముందు జరిగింది వెలి. పనుల్లోకి రానివ్వలేదు, దారులు మూశారు. ఆగస్టు 6న నరుకుళ్ళు ఆ తర్వాత వచ్చాయి. 2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం పెట్టినందుకు మళ్ళీ అదే. కూలికి పిలవలేదు, కౌలుకి ఇవ్వలేదు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి వెళ్ళగొట్టిన విద్యార్థులు బయట వేసుకున్న గుడారానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నారు. అందులో రోహిత్ ఉన్నాడు. ఆ మాట ఎందుకు పెట్టారో మనలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అంబేడ్కర్ 1947లో రాజ్యాంగ సభ కోసం తయారుచేసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో సాంఘిక బహిష్కారాన్ని నేరంగా పెట్టమన్నాడు. 1922 నాటి బర్మా చట్టాన్ని నమూనాగా తీసుకున్నాడు. ఇల్లు, పొలం ఇవ్వకపోవడం, పనికి పిలవకపోవడం, వ్యాపారం చేయకపోవడం, మామూలుగా ఉండే సాంఘిక సంబంధాలు తెంచుకోవడం, ఇవన్నీ బహిష్కారం కిందికే వస్తాయన్నాడు. కొట్టడం, తిట్టడం ఉండాలని ఎక్కడా అనలేదు. ఎందుకంటే వెలికి అవి అవసరం లేదని ఆయనకి తెలుసు. ఆ నిర్వచనంలో బహిష్కరించేవాడి కులమూ రాయలేదు.

ఇప్పుడు డప్పు దగ్గరికి వస్తాను. ఎందుకంటే మా సంఘానికి డప్పు మీద కోపం ఊరికే రాలేదు. దాని వెనక గొప్ప చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలియకుండా ‘చర్చి మన సంస్కృతిని చంపేసింది’ అని పోస్టులు పెట్టేవాళ్ళంటే నాకు విసుగు.

ఒంగోలు ప్రాంతంలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడాది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. పేరయ్య పల్లె పల్లె తిరిగి చెప్పాడు. చేరినవాళ్ళకి మూడు నియమాలు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు. పుస్తకంలో చదివితే ఇవి భక్తి నియమాల్లా ఉంటాయి. 1870ల ఊళ్ళో నిలబడి చూడండి. మాదిగ ఆదివారం పనికి రానంటే రెడ్డి పొలం ఆగిపోతుంది. చచ్చిన గొడ్డు ముట్టనంటే ఊరి చావుల ఏర్పాటే మారిపోవాలి. విగ్రహానికి మొక్కననడం అంటే కొలుపులో డప్పు కొట్టననడం. డప్పు లేకపోతే అమ్మవారు కదలదు, జాతర జరగదు. అంటే ఆ మూడు నియమాలూ మూడు సమ్మెలు.

ఊరు ఊరుకుంటుందా? బావుల దగ్గరికి రానివ్వలేదు, పనులు ఆపేశారు, దొంగకేసులు పెట్టారు. క్లౌ తన పుస్తకంలో ఇవన్నీ రాశాడు. ఆ ఒత్తిడి ముందు ఒంటరి మనిషి ఒక వారం కూడా నిలబడలేడు. అందుకే పల్లెంతా కూర్చుని, మాట్లాడుకుని, కలిసి నిర్ణయం తీసుకుని, కలిసి బాప్తిస్మం తీసుకున్నారు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వాళ్ళకి కూలి దొరికేలా చేశాడు. తిండి కోసం మతం మారారనే మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా తాతల తాతలు ఆ వరసలో ఉన్నారో లేదో నాకు తెలియదు, ఉన్నారనుకోవడం నాకిష్టం.

ఒక్కడు జారినా అందరికీ ముప్పు ఉన్న రోజులవి. ఒక్క కుటుంబం డప్పు కొట్టడానికి ఒప్పుకుంటే ఊరి పెద్దలు ‘వాళ్ళు కొట్టగా లేనిది మీకేం రోగం’ అంటారు, సమ్మె విరిగిపోతుంది. కాబట్టి డప్పు ముట్టినవాణ్ణి దూరం పెట్టారు. సమ్మెలో ఉన్న ఏ కార్మిక సంఘమైనా అదే చేస్తుంది. అది నాకు తప్పుగా కనపడదు.

కానీ సమ్మె ఎప్పుడో అయిపోయింది. ఇవాళ మా ఊరి రెడ్డి కొలుపుకి బ్యాండుమేళం, డీజే తెచ్చుకుంటున్నాడు. డప్పు కోసం మా పేట వైపు చూడటం లేదు. చచ్చిన గొడ్డుని పంచాయతీ ట్రాక్టర్ తీసుకుపోతుంది. మరో పక్క అదే ప్రకాశం జిల్లాలో, ఈదుమూడిలో, 1994 జులై 7న మాదిగ దండోరా మొదలైంది. డప్పు భుజానికి తగిలించుకుని, పేరు పక్కన మాదిగ అని రాసుకుని జనం రోడ్డెక్కారు. ఊరు కొట్టమంటే కొట్టిన డప్పు వేరు, మనం కొట్టాలనుకుని కొట్టిన డప్పు వేరు. తోలు ఒకటే. ‘కూలి మాట్లాడుకుని కొట్టానురా’ అని మా అన్న అన్నది ఈ తేడా గురించే. కొలుపు విషయంలో నేను అతనితో ఇంకా వాదిస్తాను. కానీ అది ఇద్దరు అన్నదమ్ముల మధ్య వాదన. సమాధి అడ్డం పెట్టి గెలవాల్సిన వాదన కాదు.

నియమం మిగిలింది, నియమం పుట్టిన కారణం పోయింది. అప్పుడు ఊరికి ఎదురుగా పట్టుకున్న కర్రని ఇప్పుడు ఇంట్లోవాళ్ళ మీదికి తిప్పారు. విశ్వాసం వల్ల ఇది నిలబడుతోందనుకోకండి. మా అన్నకి విశ్వాసం ఆ నలుగురికంటే తక్కువ లేదు. నిలబెడుతున్నది వేరే. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో పేర్లు చదవాలి. వేరే ఊరికి పోతే అక్కడి సంఘానికి ఇక్కడినుంచి ఉత్తరం కావాలి. పిల్లకి సంబంధం చూసేది పాస్టరమ్మ. జబ్బు చేస్తే డబ్బులు పోగుచేసేది స్త్రీల సమాజం. బెంగళూరులో తాపీ పనికి పోతే గది దొరికేది సంఘంలోని వాళ్ళ ద్వారా. పోయినప్పుడు మోసేది వాళ్ళే. ప్రభుత్వం మా పేటకి ఇవ్వనివన్నీ సంఘం ఇస్తుంది. నేను డిగ్రీ చదివింది ఆ సంఘం కట్టిన ఫీజుతో. అందుకే దీని గురించి రాయడం ఇంత కష్టం. మంచి చేసే చేయి అది, ఒకే ఒక్క చేయి అది. అది వెనక్కి తీసుకుంటే రెండో చేయి లేదు.

ఒత్తిడి ఎలా పనిచేస్తుందో బయటివాళ్ళకి తెలియదు. వాళ్ళు పంచాయితీ, జరిమానా, కొరడా ఊహించుకుంటారు. మా దగ్గర ప్రార్థన చేస్తారు. బుధవారం కూడికలో అయ్యగారు ప్రార్థన అంశాలు అడుగుతారు. ఒక అత్త లేచి, ‘‘మన ఫలానావాళ్ళ అమ్మాయి కోసం ప్రార్థన చేయండి, లోకంలోకి జారిపోతోంది’’ అంటుంది. ఆ అమ్మాయి అక్కడే కూర్చుని ఉంటుంది. చేసిన నేరం ముక్కుపుడక. నలభై మంది కళ్ళు మూసుకుని ఆమె ముక్కు కోసం కన్నీళ్ళతో ప్రార్థన చేస్తారు. ఆమె దేనికి ఎదురు చెప్పాలి? ప్రేమకి ఎదురు చెప్పడం ఎలా? తర్వాతి బుధవారం ముక్కుపుడక ఉండదు. సాక్ష్యం కూడా చెప్పిస్తారు. పాత మిషన్ చర్చిల్లో నగల గొడవ కొంత తక్కువ. కొత్తగా వచ్చిన కొన్ని సంఘాల్లో గాజు, పువ్వు, పూస ఏదీ మిగలదు. మగవాళ్ళ వాచీలు, ఉంగరాల మీద ఇంత ప్రార్థన జరగడం నేనెప్పుడూ చూడలేదు.

అన్నిటికంటే నన్ను మండించేది ఇంకోటి. హిందూ అబ్బాయిని ప్రేమించిన పిల్లకి ‘విజ్జోడు’ అని వాక్యం చూపిస్తారు. అవిశ్వాసితో జత కట్టకూడదని. సరే. మరి మాల క్రైస్తవుల అమ్మాయిని మాదిగ క్రైస్తవుల అబ్బాయి అడిగితే? ఇద్దరూ విశ్వాసులే కదా, ఇద్దరి బైబిలూ ఒకటే కదా. అప్పుడు వాక్యం బయటికి రాదు, కులం వస్తుంది. రెండు పేటలకి రెండు చర్చిలు, నడుమ ఒక రోడ్డు. దానికి మాత్రం ఎవరినీ బల్ల నుంచి తీసేయరు. రెడ్డి, కమ్మ క్రైస్తవుల సంగతి ఇక చెప్పక్కర్లేదు. వాళ్ళ సమాధులు కూడా మా సమాధులతో మాట్లాడవు. ఏ నియమానికి శిక్ష ఉందో, ఏ నియమానికి లేదో చూడండి. ఆ సంఘంలో నిజంగా దేవుడు ఎవరో తెలుస్తుంది.

ఇక కాగితం భయం. విద్యార్థి మిత్రులు దీన్ని జాగ్రత్తగా చదవండి, మీలో చాలామంది బతుకు ఇదే. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని చేర్చలేదు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళకి మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సి, 1 శాతం. 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్ ఆధ్వర్యంలో కమిషన్ వేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళ కేసులో, బాప్తిస్మం తీసుకుని, చర్చికి వెళ్తూ, రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అంది. చర్చికి పోతే అంటరానితనం పోతుందా అని మా ఊరి టీకొట్టులో అడిగితే జవాబు దొరుకుతుంది, కోర్టు దాకా పోనక్కర్లేదు. దాని మీద వేరే భాగం రాస్తాను. ఇక్కడ చెప్పదల్చుకున్నది ఒకటే. ఈ చట్టం మనిషికి రెండు పేర్లు పెట్టింది, ఆదివారం పేరొకటి, సర్టిఫికెట్ పేరొకటి. నీ రెండో పేరు నీ పక్క బెంచీ మనిషికి తెలుసు, అతనిది నీకు తెలుసు. మామూలు రోజుల్లో ఎవరూ ఎవరినీ పట్టివ్వరు. సంఘంలో గొడవ వచ్చిన రోజున మాత్రం, ‘‘ఎమ్మార్వోకి ఒక్క అర్జీ పెడితే చాలు’’ అనే మాట నేను చెవులారా విన్నాను. కానుకల లెక్క అడిగిన కుర్రాడితో అన్నారు. అతనికి అప్పుడే పోలీసు ఉద్యోగం సెలక్షన్ అయింది. లెక్క అడగడం మానేశాడు. ఢిల్లీలో రాసిన ఒక పేరా మా పేటలో సంఘ పెద్ద చేతిలో బెత్తం అవుతుందని ఎవరైనా అనుకున్నారా?

చట్టం ఏం చేస్తుందని అడుగుతారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో సాంఘిక, ఆర్థిక బహిష్కారాన్ని నేరంగా చేర్చారు. మంచిదే, గరగపర్రులాంటి చోట అది కావాలి. కానీ ఆ చట్టం ఎస్సీ, ఎస్టీ కానివాళ్ళు చేసిన నేరానికి. లోపలి వెలికి వర్తించదు. వర్తించాలని నేను కోరుకోవడమూ లేదు, మా పెద్దల మీద ఆ కేసు పెట్టే రోజు నేను చూడదల్చుకోలేదు. 1949లో బొంబాయి రాష్ట్రం మతపరమైన వెలిని నిషేధిస్తూ చట్టం చేసింది. దావూదీ బోహ్రాల మతపెద్ద సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. 1962లో అయిదుగురు జడ్జీల్లో నలుగురు ఆ చట్టాన్ని కొట్టేశారు, తన మత వ్యవహారాలు నడుపుకునే హక్కులో వెలివేసే హక్కు కూడా ఉందని. బోహ్రాల్లో సంస్కరణ కోరిన అస్గర్ అలీ ఇంజనీర్ ఆ వెలికి గురయ్యాడు, దెబ్బలు తిన్నాడు. మహారాష్ట్రలో కుల పంచాయితీల దౌర్జన్యాల మీద పోరాడి, 2016లో సాంఘిక బహిష్కారానికి వ్యతిరేకంగా చట్టం తెచ్చుకున్నారు. అంటే ఇది ఒక్క క్రైస్తవుల జబ్బు కాదు. మా పక్క ఊళ్ళో వినాయక చవితి చందా ఇవ్వనన్న చాకలి కుటుంబానికి ఏం జరిగిందో అక్కడివాళ్ళకి తెలుసు.

ఇక అందరూ అడిగే ప్రశ్న. ‘‘అన్నా, ఇప్పుడా ఇది రాయాల్సింది? చర్చిల మీద దాడులు జరుగుతున్నాయి, మతమార్పిడి నిరోధక చట్టాలు వస్తున్నాయి, కందమాల్ మర్చిపోయావా? నీ పోస్టు స్క్రీన్‌షాట్ తీసి వాళ్ళు వాడుకుంటారు.’’

వాడుకుంటారు. కందమాల్ 2008 నేను మర్చిపోలేదు. ఘర్ వాపసీ వాళ్ళు ఈ పోస్టు కిందికొచ్చి ‘చూశారా’ అంటే వాళ్ళకి నా జవాబు ఇది: మీ ఇంట్లో మాకు పెట్టిన వెలికి రెండు వేల ఏళ్ళు, ముందు దాని క్షమాపణ ఉత్తరం రాయండి, ‘హృదయపూర్వకంగా’ అని నేను చేర్చిపెడతాను. కానీ మనలో మనం ‘ఇప్పుడు కాదు’ అనుకోవడం ఉందే, అది వేరు. ఎప్పుడూ బయట దాడి ఉంటుంది. నా ఇరవై ఏళ్ళ ఉద్యమ బతుకులో ‘ఇప్పుడు సమయమే, మాట్లాడు’ అని ఎవరైనా అన్న రోజు నాకు గుర్తులేదు. 1936లో లాహోర్‌లో జాత్-పాత్ తోడక్ మండల్ వాళ్ళు అంబేడ్కర్‌ని పిలిచి, ప్రసంగంలో కొన్ని భాగాలు తీసేయమని అడిగారు. వాళ్ళు శత్రువులు కాదు, కుల నిర్మూలన కోరేవాళ్ళే. ఆయన ఒక్క కామా కూడా మార్చనన్నాడు. సభ రద్దయింది. ఆయన సొంత ఖర్చుతో అచ్చేయించాడు. ఆ పుస్తకం మనందరి బీరువాల్లో ఉంది.

ఆ బీరువా దగ్గరే ఇంకో మాట. మన స్టడీ సర్కిల్‌కి వచ్చే ఒక చెల్లెలు బ్యాగులో చిన్న బైబిల్ పెట్టుకుని వచ్చేది. ‘భక్తురాలు వచ్చింది’ అని నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను. రెండు నెలలకి బైబిల్ తేవడం మానేసింది, మూడో నెలలో రావడమే మానేసింది. మనం ప్రార్థన చేయలేదంతే, జోకు వేశాం. ఆమెకి ఆ ముక్కుపుడక పిల్లకీ తేడా ఏమిటో నాకు చెప్పండి. అంబేడ్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మందితో కలిసి ధమ్మం తీసుకున్నాడు. అదీ సమూహమే. సమూహం లేకుండా మనం బతకలేం, నేను ఆ అమాయకపు మాట చెప్పడం లేదు. లోపలికి వచ్చే తలుపు ఎంత వెడల్పుందో, బయటికి పోయే తలుపూ, లోపలే ఉండి కాదనే మనిషి కూర్చునే కుర్చీ కూడా అంతే ఉండాలని చెబుతున్నాను.

పెద్దమ్మ పోయిన నెలకి నేను తహసీల్దారు ఆఫీసుకి పోయి మా సమాధుల దొడ్డి అడంగల్ తీయించాను. మొదటే ఎందుకు తీయించలేదో అడక్కండి. చిన్నప్పటినుంచీ అది సంఘం భూమి అనుకున్నాం. సంఘ పెద్దలూ అలాగే అనుకుంటున్నారు, అబద్ధం ఆడలేదు. కాగితంలో శ్మశానం పోరంబోకు అని ఉంది. ప్రభుత్వ భూమి, పేటలో ఎవరు పోయినా అక్కడ చోటు ఉంది. విశ్వాసికి, అవిశ్వాసికి, డప్పు కొట్టేవాడికి, వాడి తల్లికి. నేను రాసిన ఆ పదకొండు లైన్లతో కొనుక్కున్నది మాకు ముందే ఉన్నదాన్ని.

పూర్తిగా అలా కూడా అనలేను. అడంగల్ గంట కొట్టదు. పెట్టెకి భుజం పట్టదు. ఆ రోజు నేను ఉత్తరం రాయకుండా అడంగల్ చూపించి ఉంటే, అంత పెట్టెని ఎంతమంది మోసేవాళ్ళు? ఆ ఏడుగురూ వచ్చేవాళ్ళా? ఒక్కడు ముందుకొస్తే వచ్చేవాళ్ళేమో. ఆ ఒక్కడు నేను కావాల్సింది. నేను పెన్ను తీశాను.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దల దగ్గరికి పోయాను. మూడు సంగతులు అడిగాను. దొడ్డి మీద సంఘానికి హక్కు లేదని రిజిస్టర్‌లో రాయండి. చావు ఇంట్లో ఎవరి దగ్గరా ఏ కాగితం మీదా సంతకం తీసుకోమని తీర్మానం చేయండి. అన్న ఉత్తరం వెనక్కి ఇవ్వండి. నన్ను సైకిల్ మీద బడికి దింపినాయన చాలాసేపు మాట్లాడలేదు. ‘‘కమిటీలో పెట్టాలి అబ్బాయ్’’ అన్నాడు. కమిటీ వచ్చే నెల మొదటి ఆదివారం. ఆ రోజు రావడానికి పేటలో నలుగురు ఒప్పుకున్నారు. ఆ ఏడుగురిలో నలుగురు. ఏం జరిగిందో పదో భాగంలో రాస్తాను.

అక్కడినుంచి అన్న ఇంటికి పోయాను. డప్పు చూరుకి తగిలించి ఉంది, తోలు వదులైపోయింది. ఉత్తరం వెనక్కి అడిగానని చెప్పాను. గోడకి ఆనుకుని కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు.

‘‘ఎందుకురా, బాగానే రాశావుగా’’ అన్నాడు.